తొమ్మిది నుంచి మూడుకు

నాకు కోపం ఎక్కువ. మా అవ్వ హులిగెమ్మ అయితే నేను పిడికిళ్లు బిగించుకొనే పుట్టానని ఊరంతా చెబుతుంది. పిల్లలందరూ అట్లాగే పుడతారని ఆమెకు ఎవరు చెప్పాలి? సరే, కోపం ఉంది. ఉన్నదాన్ని దాచుకోను. ఈ ఆగస్టులో కడపలో నాకేం జరిగిందో చెబుతాను. విన్నాక మీకు కోపం రాకపోతే మీ ఇష్టం.

నా పేరు యశోద. మాది పత్తికొండ పక్కన పల్లె. మా నాయన రంగన్న బోరు మోటార్ల పని చేస్తాడు. కొత్త బోరులోకి మోటారు దించాలన్నా, కాలిపోయిన మోటారును పైకి తీయాలన్నా చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ల వాళ్లు ఆయన కోసమే వస్తారు. నేను పదో తరగతి దాకా మా ఊరి హైస్కూల్లోనే చదివాను. లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి. ఆ సంగతి ఎట్లా తెలిసిందో ఏమో, కడపలోని ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు కారేసుకొని మా ఇంటికి వచ్చారు. నాయన భుజం మీద చెయ్యి వేసి ఫోటో తీయించుకున్నారు. "మీ అమ్మాయిని మాకు అప్పగించండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. ఎంపీసీలో సీటు, అక్కడే హాస్టలు. లెక్కల టీచరు కావాలని నేను ఐదో తరగతి నుంచి అనుకుంటున్నాను. దానికి ఎంపీసీ చదవాలి. నాకు కావలసింది అంతే, అప్పుడూ ఇప్పుడూ.

కాలేజీ అంటే ఐదంతస్తుల భవనం. కింద ఆఫీసు, మధ్యలో క్లాసులు, పైన మేము. మా సెక్షన్లో అరవై ఒక్క మంది ఆడపిల్లలం. ప్రతి శనివారం ముప్పై మార్కులకు లెక్కల పరీక్ష. వరుసగా రెండు వారాలు ఇరవై ఐదుకు తగ్గితే ఎంపీసీ నుంచి తీసేసి సీఈసీలో వేస్తారు. సీఈసీని తక్కువ చేసి మాట్లాడటం లేదు. కాని అందులో లెక్కలుండవు. లెక్కలు లేనిచోట నేనేం చేయను?

మొదటి పాఠం ప్రమేయాలు. నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ప్రమేయం అంటే ఒక పని. ఒక సంఖ్యను ఇస్తే దాన్ని ఇంకో సంఖ్య చేసి ఇస్తుంది. మూడు ఇచ్చామనుకోండి, రెండుకు ఘాతంగా వేస్తే ఎనిమిది వస్తుంది. విలోమ ప్రమేయం ఆ పనిని వెనక్కి తిప్పుతుంది. ఎనిమిది ఇస్తే, రెండుకు ఏ ఘాతం వేస్తే ఇది వస్తుందో కనుక్కొని మూడును మళ్లీ మన చేతిలో పెడుతుంది. దానికే సంవర్గమానం అని పేరు. పేరు చూసి జడుసుకుంటారు గాని, పని చాలా చిన్నది.

ఇక సంయుక్త ప్రమేయం. రెండు పనులు ఒకదాని తర్వాత ఒకటి చేయడం. ముందు f, తర్వాత g. ఈ రెండూ చేశాక వెనక్కి రావాలంటే ఏది ముందు విప్పాలి? చివర చేసిన g నే ముందు విప్పాలి, ఆ తర్వాత f ని. పుస్తకంలో దీన్ని "ఎఫ్ ఇన్వర్స్ ఓ జీ ఇన్వర్స్" అని రాస్తారు. ఆ రాతలో కుడి పక్కనున్నదే ముందు చేసే పని. ఇది ఏడు మార్కుల ప్రశ్న. ఎన్నేళ్లుగానో అడుగుతూనే ఉన్నారు.

మా కాలేజీ మెటీరియల్లో, ఎనిమిదో పేజీలో, అది తిరగబడి ఉంది. "జీ ఇన్వర్స్ ఓ ఎఫ్ ఇన్వర్స్" అని అచ్చయింది. హెడ్డాఫీసులో టైపు చేసినవాళ్ల చెయ్యి తడబడి ఉంటుంది. మనుషులన్నాక తడబడతారు, దానికి నాకు కోపం లేదు. కాని పరీక్షల జవాబుల కీ కూడా ఆ పేజీ చూసే తయారుచేశారు. స్టడీ అవర్లో మేడం బల్ల మీద స్కేలుతో కొడుతుంటే అరవై గొంతులు ఆ తప్పునే పాటలాగా పాడాయి. తప్పని చెప్పబోతే నా పక్క బెంచీలో కూర్చునే నాగజ్యోతి నా మోచేయి గిల్లింది.

"తప్పో ఒప్పో, ఏడు మార్కులు వస్తాండాయి కదా. నోర్మూసుకోని చదువు."

నాగజ్యోతి మంచి పిల్లే. కడపలోనే పుట్టి పెరిగింది, ఆదివారం వాళ్లమ్మ తెచ్చే టిఫిన్లో సగం నాకే పెట్టేది. కాని ఆ మాటకు మాత్రం ఆ రోజంతా దానితో మాట్లాడలేదు.

నేనెందుకు అంత పట్టుపట్టానో మీకు చెప్పాలి. చిన్నప్పుడు సెలవుల్లో నాయన వెంట పనికి పోయేదాన్ని. బోరులోకి ముందు మోటారు దిగుతుంది. దాని తలకు ఒక పైపు బిగించి దించుతారు, దానికి ఇంకో పైపు, దానికి ఇంకొకటి. తీసేటప్పుడు చివర బిగించిన పైపు ముందు వస్తుంది, మోటారు అన్నిటికన్నా ఆఖరున వస్తుంది. ఒక్కో పైపు విప్పడానికీ వరస ఉంది. పైన గొలుసు బరువు పట్టుకున్నాకే కింద క్లాంపు వదులు చేయాలి. నేను ఏడో తరగతిలో ఉండగా ఒకసారి మా పరమేష్ మామ తొందరపడ్డాడు. గొలుసు బిగించకముందే క్లాంపు వదిలాడు. పదహారు పైపులు, వాటి కింద మోటారు, అన్నీ ఒక్కసారిగా జారాయి. పట్టుకోబోయిన నాయన కుడిచేతి రెండు వేళ్లు క్లాంపుకూ పైపుకూ మధ్య నలిగిపోయాయి. ఆదోని ఆసుపత్రిలో వాటిని తీసేశారు. నేను అక్కడే, ముక్కాలి స్టాండు పక్కన, నీళ్ల బాటిల్ పట్టుకొని నిలబడి ఉన్నాను.

కాబట్టి ఏది ముందు విప్పాలి, ఏది తర్వాత విప్పాలి అన్నది మా ఇంట్లో ఏడు మార్కుల సంగతి కాదు.

మొదటి శనివారం ఆ ప్రశ్నే వచ్చింది. నేను సరైనదే రాసి, పూర్తిగా నిరూపించాను. మిగతా లెక్కలన్నీ చేశాను. ముప్పైకి ఇరవై మూడు వచ్చాయి. ఏడు మార్కుల ప్రశ్నకు ఎర్ర సిరాతో సున్న.

పేపరు పట్టుకొని భూపేష్ సార్ దగ్గరికి పోయాను. మా లెక్కల లెక్చరరు ఆయనే. ముప్పై ఏళ్లుంటాయేమో. లెక్కలు బ్రహ్మాండంగా చెబుతాడు. ఆయనకేమీ రాదని అనుకోగలిగితే నాకింత మంట ఉండేది కాదు. పేపరు చూశాడు, నన్ను చూశాడు, వరండాలోకి పిలిచాడు.

"నువ్వు రాసింది కరెక్టేనమ్మా" అన్నాడు మెల్లగా.

"మరి మార్కులు సార్?"

"కీ ప్రకారం వేయాల నేను. పబ్లిక్ పరీక్షలో ఇట్లాగే రాయి. ఈడ మాత్రం మెటీరియల్లో ఉన్నట్టు రాయి."

"మిగతా అరవై మంది పబ్లిక్‌లో ఏం రాస్తారు సార్?"

ఆయన కిటికీ జాలీ వైపు చూశాడు. "పోయినేడు ఫిజిక్స్ మెటీరియల్లో తప్పుండాదని మీటింగులో లేచి చెప్పిన సారు ఇప్పుడు యాడుండాడో తెలుసా నీకు? నాకూ తెల్దు. నీ సంగతి నువ్వు చూసుకో తల్లీ."

తల్లీ అంట. ఆ పిలుపు విని నాకు ఒళ్లు మండింది. వచ్చి కూర్చున్నాను.

రెండో శనివారం మళ్లీ అదే ప్రశ్న. ఈసారి పెన్ను పట్టుకొని చాలాసేపు ఊరికే ఉన్నాను. తప్పు రాస్తే ముప్పైకి ముప్పై. ఒప్పు రాస్తే ఎంపీసీ పోతుంది. అంత తేటగా తెలుసు నాకు. తెలిసీ ఎందుకు రాశావని మా అవ్వ ఇప్పటికీ అడుగుతుంది. తప్పు రాయడానికి పెన్ను ఆనించాను. కాగితం మీద నాకు నాయన చెయ్యి కనిపించింది. ఒప్పే రాశాను. రాసి, పక్కన ఖాళీలో, "ముందు మోటారు విప్పితే పైపులు ఎవరి మీద పడతాయి?" అని కూడా రాశాను. అది అనవసరమే. ఒప్పుకుంటాను.

మళ్లీ ఇరవై మూడు. మంగళవారం రమ్మని నాయనకు కబురు పెట్టారు.

తెల్లారకముందే బస్సెక్కి, గుత్తిలో మారి, పదకొండింటికి ఆఫీసుకు చేరాడు నాయన. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. చేతిలో గుడ్డసంచి నిండా వేయించిన శెనక్కాయలు. ప్రిన్సిపాల్‌కట. ఆ సంచి ఎక్కడ పెట్టాలో తెలియక కాళ్ల దగ్గర పెట్టుకొని, కుర్చీ అంచున కూర్చున్నాడు. కారులో మా ఇంటికి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసిన మనిషి ఈ ప్రిన్సిపాల్ ఓబుళేశు సారే. ఇప్పుడు తలెత్తి చూడలేదు. భూపేష్ సార్‌ను కూడా పిలిపించి గోడ పక్కన నిలబెట్టారు.

"ఏమప్పా, నీ కూతురికి లెక్కలు ఎక్కడం లేదు. సీఈసీలోకి మారుస్తాండాం. ఈ లెటరు మీద నువ్వు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాల." అప్పుడే నాయన చెయ్యి ఆయన కంట పడింది. ఇంకు ప్యాడు ముందుకు తోశాడు. "నిశానీ వేస్తావు కదా?"

"సంతకమే పెడతా సార్. ఎడం చేత్తో నేర్చుకున్నా" అన్నాడు నాయన.

నాయన కాగితం తీసుకొని చదివాడు. ఆయన ఆరో తరగతి. ఒక్కో మాటా పెదవులు కదుపుతూ చదువుతాడు. "నా కుమార్తె గణితంలో బాగా వెనుకబడి ఉన్నందున, నా ఇష్టపూర్వకంగా..." అక్కడ ఆగి నా వైపు తిరిగాడు.

"పాపా, లెక్కల్లో యనకబడినావా?"

"లేదు నాయనా."

"మరి మార్కులెందుకు తగ్గినాయి?"

చెప్పాను. f, g అని చెప్పలేదు. మోటారు, పైపులు అని చెప్పాను. వాళ్ల పుస్తకంలో ముందు మోటారే విప్పాలని ఉందనీ, నేను పైపు ముందు విప్పాలని రాశాననీ చెప్పాను. నాయన భూపేష్ సార్ వైపు తిరిగి చేతులు జోడించాడు. ఆ మూడు వేళ్ల చెయ్యి జోడిస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఏడుపు నీళ్లు కావు.

"సార్, మీరు పాపకు పాఠం చెప్పినోళ్లు. మీరే చెప్పండి. అది రాసింది తప్పా?"

భూపేష్ సార్ ప్రిన్సిపాల్‌ను చూశాడు. గోడ మీద క్యాలెండరును చూశాడు. "కీ ప్రకారం తప్పు" అన్నాడు.

"కీ సంగతి నాకు తెల్దు సార్. పాప రాసింది తప్పా అని అడుగుతాండా."

ఆయన నోరు విప్పలేదు. నేను ఆయన్నే చూస్తున్నాను. ఒక్క మాట చాలు. కాదు అంటే చాలు. నాలో నేను ఒకటి నుంచి అంకెలు లెక్కపెట్టుకున్నాను. నలభై దాకా పోయింది. ఆయన చొక్కా జేబులో ఎర్ర పెన్ను ఉంది. దాని వైపే చూసుకుంటూ నిలబడ్డాడు.

"బోర్లు దించుకునేటోనివి, నీకెందుకప్పా ప్రమేయాలు?" అన్నాడు ప్రిన్సిపాల్. తర్వాత ఏదో పెద్దమనసు చేసుకున్నట్టు నా వైపు తిరిగాడు. "చూడమ్మా, నిన్ను పంపేయాలని మాకేం సరదా కాదు. మెటీరియల్లో ఉన్నట్టు వందసార్లు రాసి, తప్పయిందని ఒక లెటరు ఇయ్యి. ఎంపీసీలోనే ఉంటావు."

రాయాలనిపించింది. అబద్ధం చెప్పను. వందసార్లు ఎంతలో అయిపోతుంది? ఒక పూట. ఆ తర్వాత లెక్కలు నావే.

"నువ్వు రాస్తే నేనేమీ అనుకోను పాపా" అన్నాడు నాయన. ఆయన నిజంగానే అన్నాడు. ఏమీ అనుకోడు కూడా. అదే నేను తట్టుకోలేకపోయాను.

"రాయను" అన్నాను. గొంతు పెద్దదయింది. "ఒక్కసారి కూడా రాయను. మీ పుస్తకం తప్పు, మీ కీ తప్పు, ఆ సార్‌కు తెలిసీ నోరు తెరవడం తప్పు... తెరవకపోవడం తప్పు." కోపంలో మాట తడబడింది. ఇప్పటికీ అది తలచుకుంటే సిగ్గేస్తుంది.

నాయన బల్ల మీది పెన్ను తీసుకున్నాడు. "గణితంలో బాగా వెనుకబడి ఉన్నందున" అన్న మాటల మీద ఎడం చేత్తో గీత కొట్టాడు. నిదానంగా, వంకర పోకుండా కొట్టాడు. కాగితాన్ని వెనక్కి జరిపాడు.

"టీసీ ఇప్పించండి సార్. పత్తికొండలో సర్కారు కాలేజీ ఉండాది. సీటుండాదో లేదో పోయి అడుగుతాం."

ఆగస్టు సగం దాటింది. ఎంపీసీలో సీటు మిగిలి ఉంటుందో లేదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. క్లర్కు టీసీ రాయడానికి అరగంట పట్టింది. భూపేష్ సార్ క్లాసుకు టైమైందని చెప్పి వెళ్లిపోయాడు. నాయన శెనక్కాయల సంచి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ప్రిన్సిపాల్‌కు ఇవ్వలేదు. అది చూసి ఆ రోజు మొదటిసారి నాకు కొంచెం హాయిగా అనిపించింది.

పైన హాస్టల్ గదిలో నా పెట్టె సర్దుకొని, ఇద్దరం చెరో పక్క పట్టుకొని మెట్లు దిగుతున్నాం. రెండో అంతస్తుకు వచ్చేసరికి మా క్లాసు వినిపించింది. అరవై మంది ఒకే గొంతుతో, "జీ ఇన్వర్స్ ఓ ఎఫ్ ఇన్వర్స్." మళ్లీ. మళ్లీ. భూపేష్ సార్ పాడిస్తున్నాడు.

నా కాళ్లు ఆగిపోయాయి. నాకిక ఆ పుస్తకంతో పని లేదు. దిగి పోవచ్చు. కాని వీళ్లంతా మార్చిలో ఇదే రాస్తారు. నాగజ్యోతి ఇదే రాస్తుంది. పక్కన ఎవరైనా ఒప్పు చెబితే మోచేయి గిల్లి నోర్మూసుకోమంటుంది.

"ఒక్క నిమిషం నాయనా" అని పెట్టె దించి లోపలికి పోయాను.

పాట ఆగింది. అరవై ముఖాలు నా మీదికి తిరిగాయి. సార్ ముందు నిలబడి చెయ్యి చాపాను. "సుద్దముక్క ఇవ్వండి సార్."

బయటికి పొమ్మంటాడనుకున్నాను. అంటే ఏం చేయాలో కూడా అనుకోలేదు. ఆయన తలుపు దగ్గర నిలబడిన నాయనను చూశాడు. సుద్దముక్క నా చేతిలో పెట్టాడు.

బోర్డు మీద 3 రాశాను. "దీన్ని రెండుకు ఘాతంగా వేయండి." ఎవరో ఎనిమిది అన్నారు. 8 రాశాను. "ఒకటి కలపండి." తొమ్మిది. 9 రాసి వెనక్కి తిరిగాను.

"ఇప్పుడు తొమ్మిది నుంచి మూడుకు రండి. ఇప్పటిదాకా పాడినారే, అట్లాగే రండి. ముందు ఘాతం విప్పండి. రెండుకు ఏ ఘాతం వేస్తే తొమ్మిది వస్తుంది?"

మొదటి బెంచీ పిల్ల లాగరిథమ్ పట్టిక తిరగేసి, నోట్సులో భాగహారం చేసింది. "మూడు పాయింట్ ఒకటి ఏడు" అంది.

"అందులో ఒకటి తీసేయండి."

"రెండు పాయింట్ ఒకటి ఏడు."

"మూడు వచ్చిందా?"

మొదటి బెంచీ పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు చివర చేసింది ముందు విప్పండి" అన్నాను. నాగజ్యోతే లేచి నిలబడింది. తొమ్మిదిలో ఒకటి తీస్తే ఎనిమిది, ఎనిమిది అంటే రెండుకు మూడో ఘాతం, అని నోట్లోనే అనుకుంటూ వచ్చి, "మూడు" అని గట్టిగా అంది. అని నన్ను చూసి తల వంచుకుంది.

భూపేష్ సార్ బోర్డు దగ్గరికి వచ్చాడు. పైన రాసి ఉన్న సూత్రాన్ని డస్టరు వెతుక్కోకుండా అరచేత్తోనే తుడిచేశాడు. తిరగేసి సరిగ్గా రాశాడు. చొక్కా మీద సుద్దపొడి రాలింది.

"ఎనిమిదో పేజీ తీయండి" అన్నాడు క్లాసుతో. "అందులో ఉన్నది తప్పు. యశోద రాసిందే కరెక్టు. అందరూ సరిచేసుకోండి."

అరవై పెన్నుల మూతలు ఒకేసారి తెరుచుకున్నాయి. కాగితాల మీద కొట్టివేతల చప్పుడు. సార్ నా వైపు తిరిగాడు, నేనేదో అంటానని చూశాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా కోపం మాత్రం ఒక్క వీసం తగ్గలేదు, ఇంకా పెరిగింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను. నాయన శెనక్కాయల సంచిని గుమ్మం లోపల, పిల్లల చెప్పుల పక్కన పెట్టేశాడు. పెట్టెకు తన వైపు పిడిని మూడు వేళ్లతో పట్టుకొని నిలబడి ఉన్నాడు. రెండో పిడి నేను పట్టుకున్నాను.

ఆ మాట ఆయన ఒక గంట ముందు, కింద ఆఫీసులో అని ఉంటే, నేనూ మూడో బెంచీలో కూర్చొని ఉండేదాన్ని. నా పుస్తకంలో ఆ పేజీ ఎప్పుడో దిద్దేశాను, సరిచేసుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఊరికే కూర్చొని ఉండేదాన్ని. నాకు కావలసింది అంతే.